పార్కుల్లో ఒక మూలను కోయకుండా వదలండి

సంపాదకులకు నమస్కారాలు.

నాలుగు వానలు పడి నేల పచ్చబడగానే నగరంలోని కాలనీ పార్కుల్లోనూ చెరువు కట్టల మీదా గడ్డిని, దానితోపాటు తనంతట తాను మొలిచిన ప్రతి మొక్కనూ నేలమట్టంగా కోయించడం, కొన్నిచోట్ల గడ్డి మందు కూడా కొట్టించడం ఏటేటా జరుగుతున్న పనే. మా కాలనీ పార్కులోనూ ఇటీవల ఇదే జరిగింది. ఈ పనిని పూర్తిగా మానుకోమని నేను అడగడం లేదు. నడక దారికి, పిల్లల ఆట స్థలానికి దూరంగా ఉండే ఏదో ఒక భాగాన్ని, ఎక్కువ అక్కర లేదు, పార్కులో పదో వంతు చాలు, కార్తీక మాసం ముగిసేవరకు యంత్రం పెట్టకుండా వదిలేయమని మాత్రమే మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను, కాలనీ సంక్షేమ సంఘాలను కోరుతున్నాను. ఈ కోరికకు కారణం శ్రావణ మాసంలో ఒక ఆదివారం అమీన్‌పూర్ చెరువు దగ్గర నేను చూసినవి కనుక వాటిని కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

ఒక ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం బోధించే నా మిత్రుడికి పురుగులను, పూలను అతి దగ్గరనుంచి ఫొటోలు తీయడం చాలాకాలంగా అలవాటు. మాక్రో ఫొటోగ్రఫీ అనే ఆ విద్యలో నేను ఓనమాలు కూడా దిద్దనివాణ్ణి. అతని దగ్గరున్న పాత కెమెరాను అడిగి తీసుకుని, తెల్లవారుజామునే అతని వెంట బయలుదేరాను. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో తెలంగాణ ప్రభుత్వం దానిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అక్కడికి కెమెరాలతో వచ్చేవారిలో ఎక్కువమంది మూరెడు పొడవు లెన్సులతో రాజహంసల కోసం, కొంగల కోసం నీళ్లవైపు చూస్తుంటారు. మేము మాత్రం నీళ్లకు వీపు పెట్టి, బండరాళ్ల మధ్య పెరిగిన జిల్లేళ్లు, ఉత్తరేణి, తుమ్మి, గడ్డిచామంతి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాం. ఏం పోగొట్టుకున్నారని ఒకరిద్దరు ఆగి అడిగారు కూడా.

ఈ విద్యలో అడుగుపెట్టాలనుకునేవారికి ఉపయోగపడుతుందని కొన్ని సంగతులు చెబుతాను. ఎదుటి వస్తువు అసలు పరిమాణం ఎంతో, కెమెరా లోపలి సెన్సర్ మీద పడే దాని బింబం కూడా అంతే ఉంటే దానిని ఒకటికి ఒకటి మాక్రో అంటారు. పూర్తి పరిమాణపు సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత కొద్ది చోటులోని దృశ్యమే ఫొటో నిండా పరుచుకుంటుంది కాబట్టి మన కంటికి ఆనని పురుగు కూడా అందులో కనబడేంత పెద్దదవుతుంది. దీనికి ఖరీదైన మాక్రో లెన్సే అక్కర లేదు. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న మామూలు లెన్సుకూ కెమెరాకూ మధ్య 50 మిల్లీమీటర్ల మేర ఖాళీ గొట్టాలు బిగించినా అదే ఫలితం వస్తుంది. ఆ గొట్టాల్లో అద్దాలేమీ ఉండవు, ధరా తక్కువే. అయితే అంత దగ్గరకు వెళ్లినప్పుడు, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 అనే కొలతకు సన్నగా చేసినా, స్పష్టంగా వచ్చే మందం దాదాపు 1 మిల్లీమీటరుకు మించదు, సెన్సర్‌ను చేరే వెలుతురు కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఫ్లాష్ వాడాలి, దాని వెలుగు పురుగు ఒంటి మీద మెరుపు మచ్చలుగా పడకుండా ముందు ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టాలి. ఫోకస్ రింగును తిప్పుతూ తంటాలు పడుతున్న నన్ను చూసి మిత్రుడు, "రింగు ముట్టుకోకు, దాన్నలా వదిలెయ్. నువ్వే కొంచెం ముందుకూ వెనక్కూ ఊగు, కన్ను స్పష్టంగా కనబడగానే నొక్కు" అన్నాడు. ఆ మాట పట్టుకున్నాక చేతులు కుదురుకున్నాయి. తెల్లవారుజామునే వెళ్లడం కూడా ఇందుకే. పొద్దెక్కి ఒళ్లు వేడెక్కే వరకు తూనీగలు, సీతాకోకచిలుకలు ఎక్కడ వాలినవి అక్కడే ఉంటాయి. అవి రాత్రి తలదాచుకునేది ఎక్కువగా ఎండిన గడ్డి పోచల మీద, కోయని కాడల మీద అని ఆ రోజే గమనించాను.

ఉదయమంతా మేము గడిపింది నిజానికి ఒకే ఒక జిల్లేడు పొద దగ్గర. దాని లేత చిగుళ్ల మీద పసుపు అద్దినట్టు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగుల గుంపు, పట్టి ఉంది. పసుపు రంగు ఒళ్లు, నల్లటి కాళ్లు ఉండే ఈ పేనుబంక గన్నేరు, జిల్లేడు వంటి పాలు కారే మొక్కలమీద బతుకుతుంది. అది విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు బారులు కట్టి ఉన్నాయి. వాటి మధ్యనే పొడుగాటి నల్లటి ఒళ్లు, గరుకు ముళ్లు ఉన్న ఒక పురుగు పేనుబంకను ఒక్కొక్కటిగా తింటూ పోతోంది. మిత్రుడు చెప్పకపోతే అది అక్షింతల పురుగు పిల్లదశ అని నాకు తెలిసేది కాదు. మన రైతులు మిత్రపురుగుగా ఎంచే అక్షింతల పురుగు పెద్దదయ్యాక గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది గనుక అందరూ గుర్తుపడతారు గాని, అంతకన్నా ఆకలిగా తినే ఈ పిల్లదశను చూసి చీడపురుగు అనుకుని నలిపేసేవారే ఎక్కువ. అదే కొమ్మకు మరో ఆకు అడుగున, ఒక్కొక్కటీ అతి సన్నని కాడ చివర నిలబడిన తెల్లని గుడ్లు కనిపించాయి. అవి అల్లిక రెక్కల పురుగువి. దాని పిల్లలు కూడా పేనుబంకను తినేవే. ఆకలి మీద ముందుగా పుట్టిన పిల్ల పక్క గుడ్డునే తినేస్తుంది కాబట్టి ఆ తల్లి ప్రతి గుడ్డునూ విడివిడిగా కాడమీద నిలుపుతుందట.

ఆ పొదనే నమ్ముకున్న మరొక ప్రాణి ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచులు, వాటిలో తెల్ల చుక్కలు ఉండే దీనిని మన ప్రాంతంలో చూడనివారు ఉండరు. అది జిల్లేడు ఆకు మీద ఒక్కో గుడ్డు విడిగా పెడుతుంది. నలుపు, తెలుపు చారలతో, పసుపు మచ్చలతో ఉండే దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకులు తిని, ఆ పాలలోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది, అది సీతాకోకచిలుక అయ్యాక కూడా ఆ విషం అలాగే ఉండి పక్షులకు చేదు అనుభవం మిగులుస్తుంది. ఈ భయాన్ని ఆసరా చేసుకుని, ఏ విషమూ లేని డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతి ఆడ సీతాకోకచిలుక అచ్చం ప్లెయిన్ టైగర్ వేషంలోనే తిరుగుతుంది. ఆ వేషధారి గొంగళిపురుగులు తినే మొక్క ఏదో తెలిశాక నాకు నవ్వు వచ్చింది. మనం పప్పులో వేసుకునే గంగవాయిలు కూర! అంటే అసలుది జిల్లేడు మీద, నకలుది గంగవాయిలు మీద పెరుగుతున్నాయి. మన పార్కుల్లో ఈ రెంటినీ మొదటి కోతలోనే తీసిపారేస్తున్నాం. పూల కుండీలు పెంచి సీతాకోకచిలుకల ఉద్యానం అని బోర్డు పెట్టినంత మాత్రాన అవి నిలవవు. తేనె తాగడానికి పూలు ఒక సంగతి, గుడ్డు పెట్టడానికి తగిన ఆకు మరొక సంగతి.

మొలిచిందల్లా ఉంచమనడం నా ఉద్దేశం కాదు. వయ్యారిభామ సంగతే తీసుకోండి. 1950లలో పుణెలో మొదట గుర్తించిన ఈ విదేశీ కలుపు దేశమంతా పాకి చర్మ వ్యాధులకు, ఉబ్బసానికి కారణమవుతోంది. దానిని పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పెరకవలసిందే. ఆ మొక్కను తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో తొలిసారిగా విడిచిపెట్టిన చారల పెంకుపురుగు సంతతి ఈ రోజు మన చెరువు గట్టు దాకా వచ్చింది. లేత పసుపు రెక్కల మీద ముదురు గోధుమరంగు చారలున్న ఆ పురుగులు ఆకులను జల్లెడ చేస్తుండగా ఫొటో తీసే అవకాశం నాకు దక్కింది. వానాకాలంలో పనిచేసి, ఎండలు ముదిరితే మట్టిలోకి పోయి పడుకునే పురుగది. గడ్డి మందు కొడితే దానికి అక్కడ తిండే లేకుండా పోతుంది. మందు పడని పక్క ఖాళీ స్థలంలోని వయ్యారిభామ మాత్రం మళ్లీ గింజలు రాల్చుతుంది.

దోమలు, పాములు అన్న రెండు అభ్యంతరాలు ఎలాగూ వస్తాయి. దోమ గుడ్లు పెట్టేది నిలవ నీటిలో. డెంగీని వ్యాపింపజేసే దోమకైతే ఇంటి చుట్టూ ఉన్న పాత టైర్లు, కూలర్లు, మూత లేని తొట్లలోని మంచినీళ్లే కావాలి. పగటివేళ దోమలు చెట్ల నీడలో తలదాచుకునే మాట నిజమే గాని, పార్కులో గడ్డి కోయించి, పక్కనే కట్టడం ఆగిపోయిన భవనం సెల్లారులో నీళ్లు నిలవనివ్వడం వల్ల ఎవరికీ మేలు జరగదు. దోమ పిల్లలను నీటిలోనే తినేవి తూనీగ పిల్లలు, ఆ తూనీగలు పెద్దవయ్యాక వాలి సేదదీరేది మనం కోసేస్తున్న కాడల మీద. పాముల భయం మాత్రం తీసివేయదగినది కాదు. అందుకే నడిచే దారికి రెండు వైపులా, పిల్లలు ఆడుకునే చోట, ఇళ్ల గోడల వెంట గడ్డిని పొట్టిగా ఉంచడం అవసరమని నేనూ ఒప్పుకుంటాను. వదలమని అడుగుతున్నది మనుషులు అడుగుపెట్టని మూలనే.

వినాయక చవితి వస్తోంది. ఏకవింశతి పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంతం, వావిలి, జిల్లేడు ఉన్నాయి. వీటిలో చాలావరకు పార్కులో ఒక మూలను వదిలేస్తే తామే మొలిచే మొక్కలు. పండుగకు నెల ముందు వీటినే యంత్రంతో కోయించి, పండుగ నాడు ఏ ఆకులో తెలియని కట్టను బజారులో డబ్బిచ్చి కొంటున్నాం. ఆ కట్టలో ఉత్తరేణి ఏదని అడిగితే అమ్మినవారే సరిగా చెప్పలేని సందర్భాలు ఉన్నాయి.

ఈ విషయంలో కొత్త చట్టమేదీ అక్కర లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పాటు చేయాలి, ఆ కమిటీ స్థానిక ప్రజలను సంప్రదించి తమ పరిధిలోని జీవజాతుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌ను తయారుచేయాలి. ఏ పార్కులో ఏ భాగం వదలాలో, వయ్యారిభామ ఎక్కడ పెరకాలో నిర్ణయించడానికి అంతకన్నా తగిన వేదిక లేదు. తేదీ, స్థలం నమోదు చేసి తీసిన ఫొటో ఆ రిజిస్టర్‌కు మంచి ఆధారమవుతుంది. ఫోనుకు తగిలించుకునే చిన్న మాక్రో లెన్సులు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి కాబట్టి బడి పిల్లలు కూడా ఈ పనిలో పాలుపంచుకోవచ్చు, నా మిత్రుడు తన విద్యార్థులతో ఇప్పటికే మొదలుపెట్టాడు.

అయితే ఫొటోల పేరుతో ఆ మూలను మనమే పాడుచేయకూడదు. పురుగు కదలకుండా ఉండాలని దానిని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవారు, జిగురుతో ఆకుకు అతికించేవారు, కొమ్మ విరిచి వెలుతురులోకి తెచ్చేవారు ఉన్నారని మిత్రుడు చెబితే మొదట నమ్మలేదు. తర్వాత అతను చూపించిన కొన్ని ఫొటోల్లో, ఏ పురుగూ తనంతట తాను నిలబడలేని భంగిమలు గమనించాక నమ్మక తప్పలేదు. గొంగళిపురుగును ఒక మొక్క మీద నుంచి మరో మొక్క మీదకు మార్చడం కూడా తప్పే, ఎందుకంటే తన ఆకు దొరకక అది చనిపోతుంది. వదిలిన మూల దగ్గర ఈ నియమాలు రాసిన చిన్న బోర్డు ఒకటి, పెద్ద అక్షరాలతో తెలుగులో, పెట్టాలి. అది లేకపోతే ఆ మూల కొద్దిరోజుల్లోనే చెత్త వేసే చోటుగా మారుతుందని కూడా నా అనుమానం.

మా పార్కులో దసరాకు ముందు మరో విడత కోత ఉంటుందని సిబ్బంది చెబుతున్నారు. మిగతా కాలనీల్లోనూ ఆ సమయానికే పనులు అప్పగిస్తారు. కాబట్టి గుత్తేదారుకు ఇచ్చే పని ఉత్తర్వులోనే కోయవలసిన హద్దు, వదలవలసిన హద్దు స్పష్టంగా రాసి, గడ్డి మందు వాడరాదన్న షరతు చేర్చాలని అధికారులకు నా విజ్ఞప్తి. ఆ హద్దులు గుర్తించడానికి పిలిస్తే నేనూ, నా మిత్రుడూ ఏ ఆదివారమైనా వస్తాం.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్