రోముకు నీళ్లిచ్చిన సేనాని అగ్రిప్పా

సంపాదకులకు నమస్కారాలు.

రోమన్ సామ్రాజ్య స్థాపన గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ హత్య మొదలుకొని క్రీ.పూ. 27లో సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ ‘అగస్టస్’ బిరుదు స్వీకరించే వరకు సాగిన అంతర్యుద్ధాలను ఒక్క పేజీలో ఇమిడ్చి చెప్పడం తేలిక కాదు. ఆ పని చేసిన వ్యాసకర్తను అభినందిస్తున్నాను. అయితే గ్రీసు తీరంలోని ఆక్టియం దగ్గర తన ప్రత్యర్థి ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రాల నౌకాదళాన్ని అగస్టస్ ఓడించాడని ఒక్క వాక్యంలో ముగించి, ఆ యుద్ధాన్ని నడిపించిన మార్కస్ విప్సేనియస్ అగ్రిప్పా పేరైనా ఎత్తకపోవడం నాకు బాధ కలిగించింది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇది కొత్త అనుభవం కాదు. రోమ్ గురించి తెలుగులో వచ్చే రాతల్లో సీజర్, అగస్టస్, నీరో తరచుగా కనిపిస్తారు కానీ అగ్రిప్పా కనిపించడం అరుదు. ఆ లోటును కొంతైనా పూడ్చాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అగ్రిప్పా క్రీ.పూ. 63 ప్రాంతంలో, రోమ్‌లో ఎవరూ పెద్దగా ఎరగని కుటుంబంలో పుట్టాడు. ఆక్టేవియన్‌ది కూడా అదే ఈడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. సీజర్‌ను చంపారన్న కబురు అందేనాటికి ఇద్దరూ నేటి అల్బేనియాలోని అపోలోనియాలో చదువుకుంటున్నారు. ఆనాటి నుంచి చనిపోయేదాకా అగ్రిప్పా ఆ స్నేహితుడి పక్షం వీడలేదు. పుట్టుక ఘనతను బట్టి మనిషిని తూచే ఆ సమాజంలో అతని వంశం ఎంత చిన్నచూపుకు గురైందంటే, స్వయానా అతని మనవడైన కలిగులా చక్రవర్తి అయ్యాక, అగ్రిప్పా తన తాత అని ఎవరైనా అంటే సహించేవాడు కాదని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. ఆ తాత గెలిచిన యుద్ధాలే లేకపోతే మనవడికి సింహాసనం ఎక్కడిది?

ఆక్టేవియన్ స్వతహాగా గొప్ప సేనాని కాడు. సిసిలీని పట్టుకొని కూర్చుని, రోమ్‌కు వచ్చే ధాన్యపు ఓడలను అడ్డగిస్తున్న సెక్స్టస్ పాంపే (సీజర్ పాత ప్రత్యర్థి పాంపే కొడుకు) చేతిలో క్రీ.పూ. 38లో సముద్రం మీద దెబ్బ తిన్నాడు. అప్పటికి గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) తిరుగుబాట్లు అణచి, సీజర్ తర్వాత రైన్ నదిని దాటిన రెండో రోమన్ సేనానిగా పేరు తెచ్చుకున్న అగ్రిప్పాకు విజయోత్సవ ఊరేగింపు చేస్తామన్నారు. మిత్రుడు ఓటమిలో ఉండగా తాను రథమెక్కి ఊరేగడం తగదని అతను దాన్ని వద్దన్నాడు. మరుసటి ఏడాది రోమ్‌లో అత్యున్నత పాలనా పదవి అయిన కాన్సల్ పదవి చేపట్టేనాటికి అతనికి ఇరవై ఆరేళ్లుంటాయి.

అతని పనితనం ఎలాంటిదో తెలియాలంటే ఆ ఏడాది అతను ఏం చేశాడో కాస్త దగ్గరగా చూడాలి. శత్రువుకు అలవాటైన సముద్రంలోకి మళ్లీ తొందరపడి దిగలేదు. నేపుల్స్ సమీపంలోని అవెర్నస్, లుక్రైన్ సరస్సులను కాలువతో కలిపి, వాటిని సముద్రానికి తెరిచి, తుపానులు తాకని రేవు ఒకటి కొత్తగా కట్టించాడు. ఇరవై వేల మంది బానిసలకు స్వేచ్ఛనిచ్చి తెడ్డు పట్టించి, ఆ నిలకడ నీటిలో నెలల తరబడి సాధన చేయించాడు. ఓడల మీదికి కొత్త ఆయుధమూ తెచ్చాడు. ఐదు మూరల పొడవున్న దుంగకు ఇనుప రేకు తొడిగి, రెండు కొసలా కడియాలు బిగించి, ఒకదానికి ఇనుప కొక్కెం, మరొకదానికి తాళ్లు కట్టించాడు. యంత్రంతో విసిరిన ఆ దుంగ శత్రువు ఓడకు తగులుకోగానే తాళ్లను వెనక్కి లాగేవారు. దుంగకు ఇనుప తొడుగు ఉండడం వల్ల గొడ్డలితో నరకడం సాధ్యం కాదు; దుంగ పొడవు వల్ల తాళ్లు చేతికి అందవు. క్రీ.పూ. 36 సెప్టెంబర్ 3న సిసిలీ తీరంలోని నౌలోకస్ దగ్గర జరిగిన పోరులో సెక్స్టస్ ఓడలు 28 మునిగిపోగా, అగ్రిప్పా పోగొట్టుకున్నవి మూడేనని చరిత్రకారుడు అపియన్ చెబుతాడు. ఓడల ముక్కుల ఆకారాలతో చేసిన బంగారు కిరీటాన్ని ఆ విజయానికి గుర్తుగా అతనికి బహూకరించారు.

ఆక్టియం గెలుపూ ఆ ఒక్కరోజు పోరుతో వచ్చింది కాదు. క్రీ.పూ. 31 సెప్టెంబర్ 2 నాటి యుద్ధానికి నెలల ముందే అగ్రిప్పా గ్రీసు తీరంలో మెథోనీ, ల్యూకస్, పాట్రే, కొరింథ్‌లను ఒక్కొక్కటిగా పట్టుకొని, ఆంటోనీ సైన్యానికి ఈజిప్టు నుంచి వచ్చే తిండిగింజల దారులు మూసేశాడు. ఆకలితో, రోగాలతో సగం చిక్కిపోయిన సైన్యమే ఆనాడు ఓడలెక్కింది.

ఇంత చెప్పినా, అగ్రిప్పాను తలచుకోవడానికి నా దృష్టిలో యుద్ధాలు ప్రధాన కారణం కావు. ఈ రెండు విజయాల మధ్య, క్రీ.పూ. 33లో, అతను ఈడైల్ పదవి చేపట్టాడు. వీధులు, మురుగు, నీరు, సంతలు, ఉత్సవాలు చూసుకునే నగర అధికారి పదవి అది. కాన్సల్‌గా పనిచేసినవాడు ఈడైల్ కావడమంటే, మన లెక్కలో ముఖ్యమంత్రిగా చేసిన మనిషి కోరి వచ్చి మునిసిపల్ చైర్మన్ కుర్చీలో కూర్చోవడం లాంటిది. ఖజానా నుంచి ఏమీ తీసుకోకుండా సొంత సొమ్ముతో వీధులు, ప్రభుత్వ భవనాలు బాగు చేయించాడు. పేరుకుపోయిన మురుగు కాలువలను శుభ్రం చేయించి, పడవెక్కి భూగర్భపు కాలువ గుండా టైబర్ నదిలోకి వెళ్లాడని చరిత్రకారుడు డియో రాశాడు. కూలిపోయే స్థితిలో ఉన్న అప్పియా, పాత అనియో, మార్సియా జలవాహికలను మరమ్మతు చేయించి, కొత్తగా జూలియా జలవాహికను తెచ్చాడు. ఆ ఒక్క ఏడాదిలో 700 నీటి తొట్లు, 500 ఫౌంటెన్లు, 130 నీటి పంపిణీ కేంద్రాలు కట్టించి, వాటిని 300 విగ్రహాలతో, 400 పాలరాతి స్తంభాలతో అలంకరించాడని, 170 స్నానశాలలను జనానికి ఉచితంగా తెరిపించాడని రోమన్ రచయిత ప్లినీ లెక్క చెబుతాడు.

ఇదంతా ఆంటోనీతో యుద్ధం ముంచుకొస్తున్న వేళ రోమ్ ప్రజలను ఆక్టేవియన్ వైపు తిప్పుకోవడానికి చేసిన రాజకీయమేనని కొందరు చరిత్రకారులు అంటారు. రాజకీయం లేదని నేనూ అనను. కానీ ఆ అవసరం తీరిపోయి, ఎదిరించేవారే లేని కాలంలోనూ అతను ఆ పని మానలేదన్నది గమనించాలి. క్రీ.పూ. 19 జూన్ 9న అతను ప్రారంభించిన వర్గో జలవాహిక పొడవు సుమారు 21 కిలోమీటర్లు. అందులో దాదాపు 19 కిలోమీటర్లు భూమి లోపలే సాగుతుంది. రోమ్ వెళ్లిన తెలుగువారు తప్పకుండా ఫొటో దిగే ట్రెవీ ఫౌంటెన్ ఆ జలవాహిక కొసనే ఉంది. ఆ ఫౌంటెన్ మీద చెక్కిన శిల్పాల్లో ఒకటి, జలవాహిక నమూనాను అగ్రిప్పా ఆమోదిస్తున్న దృశ్యమే.

కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని కాపాడడం మరో ఎత్తు. జలవాహికలు, తొట్లు, పంపిణీ కేంద్రాల మరమ్మతులకు అగ్రిప్పా ఒక శాశ్వత దళాన్నే పెట్టాడు. వాళ్లంతా అతని బానిసలన్న చేదు నిజాన్నీ చెప్పుకోవాలి. ప్రభుత్వ కట్టడాలకు ఎంత నీరు, వీధి తొట్లకు ఎంత, ప్రైవేటు ఇళ్లకు ఎంత అన్న వాటాలను అతనే నిర్ణయించాడు. అతను చనిపోయాక ఆ దళం అగస్టస్‌కు, అతని ద్వారా ప్రభుత్వానికి దక్కింది. నూరేళ్ల తర్వాత రోమ్ నీటి సరఫరా అధికారిగా పనిచేసిన ఫ్రాంటినస్ నాటికి కూడా అందులో సుమారు 240 మంది ఉన్నారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్న విషయం ఇదే. ప్రారంభోత్సవం నాటి జయజయధ్వానాలు అందుకున్న పాలకులు ఎందరో ఉన్నారు. పగిలిన గొట్టాన్ని అతికేవారెవరో కూడా ఆలోచించి పెట్టి పోయినవారు అరుదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. సంపన్నుల తోట బంగళాల్లో మగ్గిపోతున్న చిత్రాలు, శిల్పాలు అన్నిటినీ ప్రజల ఆస్తిగా చేయాలని అగ్రిప్పా ఒక ప్రసంగంలో వాదించాడు. సుకుమారపు అలవాట్లకన్నా మోటుతనానికే దగ్గరి మనిషి అని అతన్ని వర్ణించిన ప్లినీయే, ఆ ప్రసంగం మహా పౌరుడికి తగినదని మెచ్చుకున్నాడు.

అతన్ని మచ్చలేని మహాత్ముడిగా చూపాలన్నది నా ఉద్దేశం కాదు. స్పెయిన్‌లో కాంటాబ్రియన్ల తిరుగుబాటును అణచేటప్పుడు ఆయుధం పట్టగల వయసున్న మగవాళ్లను దాదాపు అందరినీ చంపించి, మిగిలినవారిని కొండల నుంచి మైదానాలకు దింపాడు. దాన్ని ఏ సమర్థనా కడగలేదు. అయితే ఆ గెలుపుకు ఇవ్వజూపిన ఊరేగింపును కూడా అతను తిరస్కరించాడు; క్రీ.పూ. 14లో మూడోసారి ఇవ్వజూపినప్పుడూ అంతే. క్రీ.పూ. 23లో మరణం అంచున ఉన్నాననుకున్న అగస్టస్ తన రాజముద్ర ఉంగరాన్ని ఇచ్చింది అగ్రిప్పాకే. రెండేళ్ల తర్వాత భార్యను విడిచి తన కుమార్తె జూలియాను పెళ్లాడమంటే అలాగే చేశాడు. ఈ విధేయతను చూసి అతన్ని అగస్టస్ నీడగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తూర్పు రాష్ట్రాలను ఏళ్ల తరబడి దాదాపు సమానాధికారంతో పాలించినవాడిని, ట్రిబ్యూన్ అధికారాన్ని (ఇతర అధికారుల నిర్ణయాలను అడ్డగించే హక్కు ఉన్న అధికారం) చక్రవర్తితో పంచుకున్నవాడిని నీడ అని ఎలా అంటాం? క్రీ.పూ. 12లో కంపానియాలో మరణించినప్పుడు అతను తన తోటలను, స్నానశాలను రోమ్ ప్రజలకు రాసిచ్చాడు. అతని అంత్యక్రియల్లో అగస్టస్ స్వయంగా ప్రసంగించాడు. పాంథియాన్ ఆలయాన్ని మళ్లీ కట్టించిన హేడ్రియన్ చక్రవర్తి కూడా దాని నుదుటి మీద తన పేరు కాకుండా, మొదట కట్టించిన అగ్రిప్పా పేరే ఉంచాడు.

ఇక మనకూ ఆయనకూ ఉన్న సంబంధం. ఆక్టియం తర్వాత క్రీ.పూ. 30లో ఈజిప్టు రోమ్ చేతికి రావడంతో ఎర్ర సముద్రపు వర్తకం ఊపందుకుంది. ఈజిప్టు ఎర్ర సముద్రతీరంలోని మ్యోస్ హార్మోస్ రేవు నుంచి భారతదేశానికి 120 ఓడలు బయలుదేరుతున్నాయని కొద్ది ఏళ్లలోనే భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ వర్తకంలో వచ్చిన రోమన్ నాణేలు దక్షిణాదిన పలుచోట్ల దొరికాయి. మా నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల వెండి నాణేలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. మన దేశంలో దొరికే అగస్టస్ వెండి నాణేల్లో అతి తరచుగా కనిపించే రకం మీద ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. వారి మధ్య రెండు డాళ్లు, రెండు ఈటెలు ఉంటాయి. ఆ ఇద్దరూ అగస్టస్ దత్తత తీసుకున్న గాయస్, లూసియస్‌లు, అంటే అగ్రిప్పా, జూలియాల కన్నకొడుకులు. అగ్రిప్పా సేకరించిన వివరాలతో, అతని మరణానంతరం రోమ్‌లో జనం చూసేందుకు ప్రదర్శించిన ప్రపంచ పటం నేడు లేదు కానీ, భారతదేశం పొడవును అతను 3,300 రోమన్ మైళ్లుగా లెక్కగట్టాడని ప్లినీ నమోదు చేశాడు.

కాబట్టి రెండు మనవులు చేస్తున్నాను. రోమన్ చరిత్రపై మీరు ప్రచురించబోయే వ్యాసాల్లో అగ్రిప్పా జీవితానికి ఒక పూర్తి వ్యాసం కేటాయించండి. అందులో నౌలోకస్, ఆక్టియంలకు ఇచ్చినంత చోటు ఆ 700 తొట్లకూ, 240 మంది నీటి పనివారికీ ఇవ్వండి. గాయస్, లూసియస్‌ల బొమ్మలున్న నాణేలను ప్రదర్శించే మన మ్యూజియంల వారు, వాటి పక్కన పెట్టే పలకపై అగస్టస్ పేరుతో పాటు ఆ పిల్లల కన్నతండ్రి పేరు కూడా తెలుగులో రాయించేలా మీ పత్రిక ద్వారా కోరండి.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
నల్లగొండ.