గెర్రీ వేరు, జెర్రి వేరు

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో నియోజకవర్గాల గీతల మీద మీరేసిన వ్యాసం చూసి, ఎవరో ఒకరు రాస్తార్లే అని నాలుగు రోజులు ఆగాను, ఎవరూ రాసినట్టు లేదు. "అమెరికా అధ్యక్షుడు జెర్రీ" అట! ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ అధ్యక్షుడు కాలేదండీ, మాడిసన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఉపాధ్యక్షుడు. సొంత పార్టీ గెలిచేలా నియోజకవర్గాల హద్దులు గీసుకోవడాన్ని ఆయన పేరు మీదే ఇప్పుడు జెర్రీమాండరింగ్ అంటున్నా ఆయన పేరు మాత్రం గెర్రీ, జెర్రి అంటే మా పెరట్లో రాళ్ళ కింద తిరిగేది.

ఆయనే మ్యాపు గీసుకుని గెలిచాడని ఇంకో మాట. 1812లో మసాచుసెట్స్ గవర్నర్‌గా ఉండి, సొంత పార్టీవాళ్ళు తెచ్చిన నియోజకవర్గాల బిల్లు మీద సంతకం పెట్టాడు, అది తప్పే, కాదనను. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం వంకర్లు తిరిగిపోతే బోస్టన్ పత్రికవాళ్ళు దానికి రెక్కలూ గోళ్ళూ పెట్టి, బల్లిలా ఉండే సాలమాండర్‌కి ఈయన పేరు అతికించారు. ఆ ఏడాది రాష్ట్ర సెనేట్‌లో ఆయన పార్టీకి 50,164 ఓట్లకి 29 సీట్లు, అవతలి పార్టీ ఫెడరలిస్టులకి 51,766 ఓట్లొచ్చినా 11! మరి గెర్రీ? ఓడిపోయాడు. గవర్నర్ ఎన్నికకి రాష్ట్రమంతా ఒకటే లెక్క కదా, అక్కడ కత్తిరించడానికేముంది. మీ వ్యాసంలో ఈ ముక్కే లేదు.

మార్బుల్‌హెడ్‌లో ఎండుచేపల వ్యాపారి కొడుకు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తుంటే చివరిదాకా కూర్చుని, పౌరహక్కుల జాబితా లేదనీ ఇంకా సవాలక్ష కారణాలు చెప్పి తోటి ప్రతినిధులు మేసన్, రాండాల్ఫ్‌లతో పాటు సంతకం పెట్టనన్నాడు. మహాత్ముడేం కాదు లెండి, ప్రజాస్వామ్యం మరీ ఎక్కువైపోయిందని అక్కడే గొణిగాడు, గవర్నరయ్యాక అవతలి పార్టీవాళ్ళని ఉద్యోగాల్లోంచి పీకేశాడు కూడా. 1814 నవంబర్‌లో సెనేట్‌కి వెళ్తూ దారిలోనే పోయాడు. అంతకు రెండేళ్ళ ముందే, ఈయనకి ముందున్న ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ పోయాడు, పాపం మాడిసన్‌కి ఉపాధ్యక్షులు అచ్చిరాలేదు. ఇంత బతుకూ వదిలేసి మీకు ఆ బల్లిబొమ్మ ఒక్కటే దొరికిందా?

ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు కనబడితే ఇంట్లో అందర్నీ పిలిచి చూపించేవాళ్ళం, అంత అరుదు. ఇప్పుడు తప్పులేని పేజీ ఉంటే పిలవాలి. గీతలంటే గుర్తొచ్చింది, మా ఊళ్ళో వార్డులు విడగొట్టినప్పుడు మా వీధిలో కుడివైపు ఒక వార్డు, ఎడమవైపు ఇంకోటి చేశారు, మధ్యలో డ్రైనేజీ ఏ వార్డుదో మూడేళ్ళుగా ఎవరూ తేల్చరు, ఆఫీసుకెళ్తే పక్క సెక్షన్ అంటారు, పక్క సెక్షన్‌లో సార్ లంచ్‌కెళ్ళారంటారు. మసాచుసెట్స్‌లో కనీసం బొమ్మేసి నవ్వారు, ఇక్కడ మన విలేకరి ఒకసారి వచ్చి ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

సవరణ వేస్తే మాత్రం రాశిఫలాల కింద అగ్గిపెట్టెంత చోటులో వద్దు, తప్పు పడ్డ పేజీలోనే వేయండి. గెర్రీ. గ-కి ఎత్వం, గె.

ఇట్లు,
ముప్పై ఏళ్ళ మీ చందాదారు