మన్యం చరిత్ర చెప్పగలిగినవాడు మెస్ బకాయికి వెళ్ళిపోయాడు

రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

అమలాపురం నుంచి ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు నమస్కరించి రాయునది.

1879 నాటి రంప తిరుగుబాటును నేను ఏటా ఒక్క పీరియడ్‌లో ముగించేవాణ్ణి. ఒక ఏడాది, కల్లుగీతపై ఆంక్షలు, కల్లు మీద వేసిన చిగురుపన్ను అందుకు ముఖ్య కారణాలని చెప్పి ముందుకు సాగబోతుంటే, వెనుక బల్ల మీది కొండరెడ్డి తెగ విద్యార్థి లేచి, జీలుగు చెట్టు ఎన్నేళ్ళకు గీతకొస్తుందో, ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్ళో ఎలా తెలుస్తుందో, గింజలు నిండుకున్న నెలల్లో ఆ కల్లే ఎలా కడుపు నింపుతుందో వివరించాడు. ఆ పన్ను ఎక్కడ తగిలిందో నాకు అప్పుడే అర్థమైంది. రెండో ఏడాది ఉపకార వేతనం ఆలస్యమై, హాస్టల్ మెస్ బకాయి పేరుకుపోయి, ఆ అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయాడు. నేనూ వాకబు చేయలేదు.

అందుకే గోదావరి జిల్లాల విశ్వవిద్యాలయ విద్యలో ఆదివాసీ అధ్యయనాన్ని, ఆదివాసీ విద్యార్థుల సహాయాన్ని రెండు వేర్వేరు దస్త్రాలుగా చూడవద్దని కోరుతున్నాను. రెండింటినీ ఒకే విభాగానికి అప్పగించి, ఉపకార వేతనం విడుదలయ్యేదాకా మెస్ ఖర్చు భరించే నిధిని ఆ విభాగం చేతిలోనే ఉంచాలి. శబరి గోదావరిలో కలిసే కూనవరం 2022 జూలైలో వరదలో చిక్కుకున్న సంగతి మీకు తెలుసు. అలాంటి రోజుల్లో ఆ మండలాల పిల్లలకు ప్రవేశాల గడువు, వారు అర్జీ పెట్టుకోకుండానే, పొడిగించాలి.

ఇక అధ్యయనం సంగతి. పోలవరం ముంపు వల్ల కోయలు, కొండరెడ్లు ఊళ్ళు వదులుతున్నారు. ఊరితోపాటు వాగుల పేర్లు, గట్టుల పేర్లు, భూమి పండగ పాటలు కూడా చెదిరిపోతాయి కనుక వాటిని రాసిపెట్టే పని ఆ ఇళ్ళ పిల్లలకే, వేతనమిచ్చి, అప్పగించాలి. కోయ మాట తెలియని పరిశోధకుడు దుబాసీని వెంటబెట్టుకుని వెళ్ళి ఎంతని వినగలడు? పాఠం చెప్పడానికి వచ్చే ఊరిపెద్దలకు, డిగ్రీ లేదని బస్సు చార్జీలతో సరిపెట్టకుండా, అతిథి అధ్యాపకులకిచ్చే పారితోషికమే ఇవ్వాలి. కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం విలువైనదే. అయితే అందులో ఏది నిజమో, ఏది కాదో తేల్చి చెప్పవలసినవారు కొండరెడ్లే.

మెస్ నిధికి మాత్రం కొత్త విభాగం ఏర్పడేదాకా ఆగనవసరం లేదు. ఈ విద్యా సంవత్సరపు ప్రవేశాలకు ముందే ఉత్తర్వు ఇప్పించగలరని ప్రార్థన.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
అమలాపురం