సెన్సార్ లెక్క మైసమ్మ మెట్టుకు కలవాలి

సంపాదకులకు,

చెరువులకు నీటిమట్టం చూసే సెన్సార్లు పెడతారన్న వార్తలు ఈ మధ్య తరచూ చదువుతున్నాను. సంతోషమే. మా ఊరి చెరువుకు ఇప్పటికే ఒకటి ఉంది. దాన్ని పెట్టింది నేను కాదు. పెట్టినవాళ్లు వెళ్లిపోయాక సరిచేసింది నేను. మోటార్లు వైండింగ్ చేయడం నా పని, చదువు ఐటీఐ.

2024 సెప్టెంబరు 1న మా జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది గుర్తుందా? ఆ రాత్రి మా కట్ట నిలబడింది గానీ, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి మీద నడుము లోతున నీళ్లు పారి కింది వాడలోకి వచ్చాయి. మరుసటి ఎండాకాలం కాంట్రాక్టు మనుషులు వచ్చి, తూము పక్కన ఇనుప పైపు బిగించి, అందులోకి సెన్సార్ దించి, పైన సోలార్ పలక, డబ్బా పెట్టి మధ్యాహ్నం భోజనం టైముకు వెళ్లిపోయారు. ఆ డబ్బానే డేటా లాగర్ అంటారు. నీటిమట్టం రాసుకుంటూ పోతుంది, హద్దు దాటితే ఫోన్లకు మెసేజ్ కొడుతుంది.

జులైలో మత్తడి దుంకిన మొదటి రాత్రి అది 60కి పైగా మెసేజ్‌లు కొట్టింది. అలారం హద్దు సరిగ్గా మత్తడి అంచుకు పెట్టారు. గాలికి అల లేస్తే హద్దు దాటినట్టు, పడితే తగ్గినట్టు. తెల్లారేసరికి అందరూ ఆ నంబర్‌ను మ్యూట్ చేసేశారు. ఆగస్టులో నీళ్లు నిజంగా మీదికి వచ్చినప్పుడు మెసేజ్ వచ్చింది, చూసినవాడు లేడు. జాబితాలో మొదటి నంబరు వేరే జిల్లాకు బదిలీ అయిన ఉద్యోగిది. ఆయన మర్నాడు ఫోన్ చేసి 'మీ చెరువు మెసేజ్‌లు నాకెందుకు వస్తున్నయి?' అని అడిగాడు. ఒక గడ్డివాము, రెండు మోటార్లు మునిగాయి. మోటార్లు నా షాపుకే వచ్చాయి కాబట్టి నాకు గిరాకీయే అనుకోండి. వాటిని విప్పుతుంటేనే డబ్బా సంగతేంటో చూద్దామనిపించింది. పంచాయతీలో అడిగి తాళం తీయించాను.

మొదట సున్నా సంగతి. మెసేజ్‌లో '2.94 మీ.' అని వచ్చేది. ఎక్కడి నుంచి 2.94? భద్రాచలంలో గోదావరి 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. అక్కడివాళ్లకు అంకె వింటే చాలు, ఎవరు సామాను సర్దుకోవాలో తెలుస్తుంది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి అక్కడ ఆటో ఎక్కినా చెబుతారు. మా డబ్బా మాత్రం సెన్సార్ కొన నుంచి కొలుస్తోంది. ఆ కొన ఎక్కడుందో నీళ్లలోని చేపలకు తప్ప ఎవరికీ తెలియదు. గాలి లేని పొద్దున, మట్టం చూడ్డానికి అడుగులు గీసిన గేజీ రాయి చూస్తే 4 అడుగుల 3 అంగుళాలు, అంటే 1.30 మీటర్లు. డబ్బా 1.63 అంటోంది. ఆ 33 సెంటీమీటర్లు తీసేయమని సెట్టింగ్‌లో పెట్టాను. ఇప్పుడు రాయి, డబ్బా ఒకటే మాట చెబుతున్నాయి.

ఇక హద్దు ఎంత పెట్టాలి? చెరువు నీళ్లు చూసుకునే మా నీరడి పెద్దాయనను అడిగాను. "కాకా, ఎన్ని నీళ్లకు భయపడాలె?" ఆయన మీటర్లు చెప్పలేదు. "కట్ట మైసమ్మ గద్దె రెండో మెట్టు తడిస్తే కింది వాడ బర్లను విప్పాలె" అన్నాడు. మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు తెచ్చి ఆ మెట్టు ఎత్తును గేజీ రాయి మీదికి దించాం. అలారం దానికి 15 సెంటీమీటర్లు కిందనే మోగేలా పెట్టాను. మోగాక నీళ్లు మరో 10 సెంటీమీటర్లు తగ్గితే గానీ ఆగదు. సంపు మోటారు ఫ్లోట్ స్విచ్ కూడా ఇంతే కదా, ఆన్ ఒకచోట, ఆఫ్ ఒకచోట. వరసగా మూడు రీడింగులు హద్దు దాటితేనే మోగాలని కూడా పెట్టాను, అలల బాధ పోయింది. మట్టం తక్కువున్నా గంటలో అర అడుగు పెరిగితే వేరే అలారం. రెండు గంటలు డబ్బా నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే దానికీ ఒక ఫోన్. ఎండాకాలం గంటకో రీడింగ్ చాలు, వానాకాలం పావుగంటకొకటి ఉండాలి.

అసలు తప్పు మాత్రం కేబుల్ దగ్గర దొరికింది. అది మామూలు వైరు కాదు, లోపల సన్నని గాలి గొట్టం ఉంటుంది. సెన్సార్ మీద నీళ్ల బరువుతో పాటు గాలి బరువు కూడా పడుతుంది. ఆ గొట్టం బయటి గాలిని వెనక వైపుకు చేర్చి గాలి లెక్క కొట్టేస్తుంది. తడుస్తుందని ఎవరో దాని మూతికి ఎంసీల్ పెట్టి మూసేశారు! వాయుగుండం వచ్చి గాలి ఒత్తిడి పది మిల్లీబార్లు తగ్గితే, ఇలా మూసిన సెన్సార్ నీళ్లను దాదాపు పది సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. వాన దంచికొట్టే రోజే అబద్ధం చెబుతుందన్నమాట. ఎంసీల్ బ్లేడుతో గీకి తీసి, గొట్టం మూతికి తేమ పీల్చే గింజల డబ్బీ తగిలించాను. గింజలు నీలంగా ఉంటే పనిచేస్తున్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి.

చివరికి పరీక్ష. మూడంగుళాల పీవీసీ పైపు 12 అడుగుల ముక్కకు అడుగున మూత బిగించి, కట్టకు ఆనించి నిలబెట్టి, సెన్సార్ అందులోకి దించాం. రీడింగ్ నిమిషానికొకటి పెట్టి చెంబుతో నీళ్లు పోశాం. బిందెన్నర పట్టింది. ముందు వేగం అలారం మోగింది, తర్వాత మట్టం అలారం. ఐదు ఫోన్లలో నాలుగే మోగాయి, కింది వాడ కుర్రాడు నంబరు మార్చాడట. కాకా కీప్యాడ్ ఫోన్‌లో తెలుగు మెసేజ్ డబ్బాలు డబ్బాలుగా కనిపించింది. ఆయనకు మెసేజ్ బదులు కాల్ వచ్చేలా మార్చాను. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాడు, నాకూ టెన్షన్ తగ్గింది.

అధికారులను నేను అడిగేది ఒక్కటే. కొత్త సెన్సార్లకు బిల్లు పాస్ చేసే ముందు, ఊరి నీరడి ఎదురుగా బిందెడు నీళ్లు పోసి అలారం మోగించి చూపించమనండి. ఏటా మృగశిర కార్తెకు ముందు మళ్లీ ఒకసారి. అలారం ఎవరి ఫోన్లకు పోతుందో ఆ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించండి. డబ్బాలోని సిమ్ రీచార్జి ఎవరు చేయించాలో కూడా. మా దగ్గర ఇప్పటికీ నేనే చేయిస్తున్నాను.

నిన్న కట్ట మీదికి వెళ్లి చూస్తే గింజలు సగం గులాబీ రంగుకు తిరిగాయి. ఆదివారం మార్చాలి.

– ఒక మోటారు మెకానిక్,
మహబూబాబాద్ జిల్లా