చెప్పులు విప్పమన్న ఇల్లు

నికోసియా,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

సైప్రస్ వాళ్లని గ్రీకులనాలా, టర్కులనాలా అని ఫోన్లో అడిగావు. మామ్మగారికి మందులిచ్చే టైమైపోయి సరిగ్గా చెప్పలేకపోయాను. నాలుగేళ్లుగా ఆవిణ్ణి చూసుకుంటున్నా, నాకూ పూర్తిగా అంతుబట్టలేదనుకో.

మా బాల్కనీలోంచి ఉత్తరాన కొండలు కనిపిస్తాయి. గ్రీకులో ఒక పేరు, టర్కిష్‌లో ఇంకో పేరు. రెండింటికీ అర్థం మాత్రం ఒకటే, ఐదు వేళ్లు. ఆ కొండవాలు మీద ఉత్తరాన ఉండే టర్కిష్ వాళ్ల జెండా ఇంత పెద్దది ఉంది, రాత్రయితే లైట్లతో వెలుగుతుంది. చీకటి పడగానే మామ్మగారు కర్టెన్ వేసెయ్యమంటారు. ఉక్కపోతతో చచ్చిపోతున్నా సరే.

ఆవిడది ఆ కొండల అవతల కెరీనియా. 1974 జులైలో గ్రీసు సైనిక ప్రభుత్వం ఇక్కడి ప్రెసిడెంట్ మకారియోస్‌ని కూలదోయించింది. ఐదు రోజులకే టర్కీ సైన్యం దిగింది, ఉత్తర భాగం వాళ్ల చేతికి పోయింది. 1,50,000 మందికి పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి పరిగెత్తారు, ఇటున్న టర్కిష్ సైప్రియట్లు అటు పోయారు. రెంటికీ మధ్య మూసేసిన దారులు మళ్లీ తెరిచింది 2003 ఏప్రిల్‌లో.

అప్పుడు మామ్మగారు తన ఇల్లు చూడ్డానికి వెళ్లారు. తలుపు తీసినావిడ టర్కిష్ సైప్రియట్, దక్షిణాన ఉన్న పాఫోస్ నుంచి వచ్చినామె. నవ్వుతూ లోపలికి రమ్మని, చెప్పులు గుమ్మం దగ్గర విప్పమంది. మనకది మామూలే కదా, వింటూ నేను నవ్వబోయాను. వీళ్లు ఇంట్లో చెప్పులతోనే తిరుగుతారు మరి. "పుట్టి పెరిగిన ఇంట్లో ఏనాడూ చెప్పులు విప్పలేదు," అని ఈవిడ ఎప్పుడు చెప్పినా అక్కడే ఆగిపోతారు. ఆమె కాఫీ ఇచ్చిందనీ, తనూ పాఫోస్ వెళ్లి పోగొట్టుకున్న ఇల్లు చూసుకొచ్చిందనీ మాత్రం గబగబా చెప్పేస్తారు.

టీవీలో గ్రీసు ఆడుతుంటే ఈవిడ ఒకటే కేకలు. అదే ఏథెన్స్ డాక్టరు వచ్చి వెళ్లగానే "కలమరాస్" అని మూతి తిప్పుతారు. కలం పట్టుకు తిరిగేవాడని అసలు గ్రీకుల మీద ఇక్కడివాళ్ల వెక్కిరింత అది. 1960లో బ్రిటిష్ వాళ్లు పోయినప్పుడు రాజ్యాంగంలో రెండే వర్గాలు రాశారు, గ్రీకు, టర్కిష్. మరొనైట్ క్రైస్తవులు, ఆర్మేనియన్లు కూడా ఏదో ఒకటి ఎంచుకోవాల్సొచ్చింది. జెండా మీద మాత్రం గ్రీసు నీలం, టర్కీ ఎరుపు రానివ్వకుండా ద్వీపం మ్యాపు, ఆలివ్ కొమ్మలు వేసుకున్నారు. పాడేదేమో గ్రీసు జాతీయగీతం!

2004లో ఒక్కటవుదామా అని ఓటింగ్ పెడితే టర్కిష్ వైపు 65 శాతం సరేనన్నారు, గ్రీకు వైపు 76 శాతం వద్దన్నారు. మామ్మగారూ వద్దనే వేశారు, ఆ ఒప్పందంలో కెరీనియా అటువైపే ఉండిపోతుందని. కొడుకు సరేనని వేశాడట. ఇద్దరూ ఇప్పటికీ ఆ ఊసెత్తరు.

కాలేజీలో నిన్ను నాన్‌లోకల్ అన్నారని ఏడ్చావు. బాధే, కాదనను. దాన్ని దీనితో పోల్చకు. నువ్వు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అమలాపురంలో దిగుతావు.

నీ ప్రశ్న ఇందాక ఆవిడనే అడిగాను. "కెరీనియా దాన్ని," అన్నారు. అది కాదు మామ్మగారూ అంటే, కర్టెన్ పూర్తిగా వేశావా అన్నారు.

ఫీజు డబ్బులు మంగళవారం పంపిస్తాను.

మీ అమ్మ