రాత్రి బండి ముక్కు ఎటు పెట్టి ఆపావు?

అమ్మడూ,

నిన్న ఫోన్లో "నాన్నా, మళ్ళీ అదే" అన్నావు. పొద్దున బండి స్టార్టవలేదని, గ్యారేజీ అతను డీజిల్ పంపు పోయిందన్నాడని, నలభై వేలు అవుతుందన్నాడని చెబుతుండగానే సిగ్నల్ పోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. అయినా ఇలాంటివి ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "ఊఁ" కొడతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివి బండి డ్యాష్‌బోర్డులో పెట్టుకో. ఆ నలభై వేలు మాత్రం ఇప్పుడే ఇవ్వకు.

పంపు పోలేదని నేను అనడం లేదు. 2012 మోడల్, 2 లక్షల 94 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. అందులో ఏది పోయినా ఆశ్చర్యం లేదు. కానీ పోయిన పంపు అయితే సంక్రాంతికి నర్సీపట్నంలో మన వాకిట్లో నాలుగు రోజులున్నప్పుడు రోజూ ఒక్క సెల్ఫ్‌కే ఎలా లేచింది? చింతపల్లి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఎందుకు మొరాయించింది? అదే బండి సాయంత్రం నువ్వు ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఏ గొడవా లేకుండా ఎందుకు స్టార్టవుతుంది? పంపుకి నర్సీపట్నం ఏదో చింతపల్లి ఏదో తెలియదు కదా.

నీ ఫోన్ పెట్టేశాక నాకు పాత నైట్ హాల్ట్ బస్సు ఒకటి గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. నేను డిపోలో చేరిన కొత్త. ఆ బస్సు సాయంత్రం ఏజెన్సీ ఊరికి వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున ఐదింటికి తిరిగి బయల్దేరాలి. వారంలో మూడు నాలుగు రోజులు ఐదున్నరయినా కదిలేది కాదు. డ్రైవరు వచ్చి డిఫెక్ట్ పుస్తకంలో ఒకే ముక్క రాసేవాడు: "పొద్దున స్టార్టింగ్ ట్రబుల్." మేం డిపోలో సెల్ఫ్ కొడితే గుర్రుమని లేచేది. "ఓకే" అని రాసి సంతకం పెట్టేసేవాళ్ళం. తర్వాత బ్యాటరీలు మార్చాం. ఆ తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాం. డ్రైవరు పుస్తకంలో రాయడం ఆపలేదు. డ్రైవరే నైట్ హాల్ట్ తప్పించుకోవడానికి కథలు చెబుతున్నాడని మాలో కొందరం అనుకున్నాం కూడా. ఆ కొందరిలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.

చివరికి మా ఫోర్‌మన్ నన్ను ఆ బస్సులోనే పంపించాడు, రాత్రి అక్కడే పడుకుని పొద్దున చూసి రమ్మని. ఆ ఊళ్ళో బస్సు తిప్పడానికి సరైన చోటు లేదు. చెరువు గట్టు ఎక్కే దారిలో, ముక్కు పైకి పెట్టి ఆపేవాళ్ళు. ఇంజను పైన, ట్యాంకు కింద. పొద్దున లేచి చూద్దును కదా, డ్రైవరు బానెట్ ఎత్తి ఫీడ్ పంపు మీది ప్రైమర్, అదే చేత్తో డీజిల్ ఎక్కించే పిడి, కొడుతున్నాడు, కొడుతూనే ఉన్నాడు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. సంతకి వెళ్ళే ఆడవాళ్ళు తట్టలు దించుకుని గట్టు మీద కూర్చున్నారు. వాళ్ళకిది అలవాటైపోయిన తంతు.

ట్యాంకు నుంచి వచ్చిన పైపు ఫీడ్ పంపుకి కలిసే చోట బాంజో బోల్టు ఉంటుంది, మధ్యలోంచి డీజిల్ పోయేలా బొక్క ఉన్న బోల్టు. దాని కింది కాపర్ వాషర్ మీద వెంట్రుకంత గీత. అందులోంచి గాలి దూరి, రాత్రంతా పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయేది. మేం ఫీడ్ పంపు కొత్తది వేసిన రోజున ఆ పాత వాషర్నే గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాం. రూపాయి కూడా చెయ్యని వాషర్ అది. డిపోలో నేల చదునుగా ఉంటుంది, పైగా అక్కడ బస్సు ఆగి ఉండేది గంటో రెండు గంటలో. మాకెలా దొరుకుతుంది?

ఇప్పుడు చింతపల్లిలో నీ క్వార్టర్సు సంగతి. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా బాగా వాలు. నువ్వు ముక్కు పైకి పెట్టి ఆపుతావు, సామాను దించుకోవడానికి వీలని. మన బండికి ట్యాంకులో మోటారు లేదు. పైన ఇంజను దగ్గరున్న పంపే డీజిల్‌ని పీల్చుకోవాలి. పీల్చే వైపు పైపు ఎక్కడైనా పగిలితే డీజిల్ కింద కారదు, గాలే లోపలికి పోతుంది. కారితే నేల మీద మరక కనబడేది, ఎవడో ఒకడు పట్టుకునేవాడు. పన్నెండేళ్ళు దాటిన రబ్బరు పైపు, ఫిల్టర్ కింది ఓ-రింగు అనే గుండ్రటి రబ్బరు, నొక్కి తగిలించే ప్లాస్టిక్ క్లిప్పులు ఇప్పటికి అప్పడాల్లా అయి ఉంటాయి. నవంబర్లో ఫిల్టర్ మార్పించావు కదా? గొడవ మొదలైంది డిసెంబర్లో. ఫిల్టర్‌తో పాటు కొత్త రింగు వేశాడో లేదో నాకు అనుమానమే.

చలికే ఇలా అవుతోందని నువ్వన్నావు. లంబసింగి పక్కన ఉంటూ ఆ మాట అనడంలో తప్పేం లేదు. చలిలో ఇబ్బంది పెట్టేవి హీటర్ ప్లగ్గులు, స్టార్టయ్యే ముందు సిలిండర్ లోపల వేడి చేసేవి. అదా ఇదా తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. పొద్దున నువ్వు సెల్ఫ్ కొడుతుంటే పక్కింటి వాళ్ళనెవరినైనా సైలెన్సర్ వెనక నిలబడి చూడమను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ తెల్లటి పొగ, కళ్ళు మండే డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండడం లేదు. ప్లగ్గులు చూపించాలి. అలాంటప్పుడు స్టార్టయ్యాక కూడా ఒకటి రెండు నిమిషాలు బండి దడదడలాడుతుంది. పొగ అసలే లేకపోతే ఇంజన్లోకి డీజిలే వెళ్ళడం లేదు. ప్లగ్గులు బంగారంతో చేయించినా లాభం లేదు.

సెల్ఫ్ ఎలా తిరుగుతోందో కూడా విను. నీరసంగా, ఆగి ఆగి తిరిగితే కథ వేరు, అది కరెంటు వైపు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. ఇక్కడ అందరూ బ్యాటరీ మార్చేసి ఊరుకుంటారు. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించి చూడాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ తీగ పాడైనట్టు. పాత బళ్ళలో ఆ తీగ పైకి బాగానే కనబడుతుంది, లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. నువ్వు చెప్పిన దాన్ని బట్టి నీ బండి సెల్ఫ్ జోరుగానే తిరుగుతోంది. కాబట్టి దీని గురించి ఇంతకంటే రాయను.

గాలి పడుతోందా లేదా అన్నది కంటితో చూడొచ్చు. తాపీ మేస్త్రీలు నీళ్ళు పోసి లెవెలు చూసుకునే పైపు ఉంటుంది చూడు, అద్దంలా ఉండేది. హార్డ్‌వేర్ షాపులో అడుగుల లెక్కన కొలిచి కోసిస్తారు. నేను సరిపోయే సైజు తెచ్చి పెట్టాను. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య దాన్ని తగిలించి ఇంజను నడిపితే డీజిల్ తేనెలా నిండుగా పోవాలి. సోడాలోలాగా బుడగలు వరసగా వస్తుంటే ఫిల్టర్ దగ్గరో, దానికి ముందో గాలి పడుతోంది. చూసి తీసేయాలి, అది శాశ్వతంగా ఉంచే పైపు కాదు.

ఈ పని మాత్రం నేను వచ్చాకే. నువ్వు ముట్టుకోవద్దు, ఆ గ్యారేజీ కుర్రాడిని కూడా ఇంజను ఆన్‌లో ఉండగా ఇనప పైపుల జోలికి పోనివ్వకు. మా బస్సుల్లో ఏ సిలిండర్ చచ్చిందో తెలుసుకోవడానికి ఇంజను నడుస్తుండగా, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ నట్లు పానాతో ఒక్కొక్కటే వదులు చేసేవాళ్ళం. ఆ అలవాటు ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. మన బండి టైరులో గాలి రెండు బార్ పైచిలుకు. ఈ కామన్ రైల్ ఇంజన్లో నాజిళ్ళన్నిటికీ డీజిల్ పంచే ఇనప గొట్టాన్ని రైలు అంటారు. ఊరికే ఐడిల్‌లో ఉన్నప్పుడే అందులో 250, 300 బార్ ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు వెయ్యి దాటుతుంది. సన్నటి చిమ్ము తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, లోపల చెయ్యి కుళ్ళిపోతుంది.

నీ ఫోన్లో స్కానర్ చూపించిన కోడ్ పీ 0087 అన్నావు. ఆ కోడ్‌కి అర్థం "రైలులో ప్రెషర్ చాలలేదు" అని, అంతవరకే. పంపు పోయిందని దాంట్లో ఎక్కడా లేదు. పైపులో గాలి ఉన్నా అదే కోడ్, ఫిల్టర్ మూసుకున్నా అదే, నాజిళ్ళు అరిగి డీజిల్‌ని రిటర్న్ పైపులోకి వదిలేస్తున్నా అదే. సెల్ఫ్ తిరిగేటప్పుడు బండిని బట్టి 150, 200 బార్ దాకా ఎక్కితే గానీ కంప్యూటరు నాజిళ్ళను తెరవనివ్వదు. ఎక్కకపోవడానికి ఆఖరి కారణం పంపు. గ్యారేజీ వాళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతారు, ఎందుకంటే కోడ్ చూసి పేరు చెప్పగలిగే పెద్ద సామాను అదే.

నవ్వకు, నేనూ ఇదే పని చేశాను. రెండేళ్ళ కిందట ఇదే బండి ఘాట్‌లో సగం ఎక్కాక పుల్లింగ్ చచ్చిపోయేది. ఇంజను లైటు వెలిగేది, పెడల్ ఎంత తొక్కినా రెండున్నర వేల ఆర్‌పీఎం దాటేది కాదు. ఆపి, తాళం తీసి మళ్ళీ వేస్తే మామూలైపోయేది. స్కానర్ పెడితే, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో ప్రెషర్ తక్కువ అని వచ్చింది. పీ 0299. ముప్ఫై ఏళ్ళు డీజిల్ వాసనలో బతికిన మనిషిని, ఒక గ్యారేజీలో పెద్ద స్క్రీన్ మీద గ్రాఫులు చూపించేసరికి నోరు మూసుకుని కూర్చున్నాను. పొగని కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మార్చారు, గాలి కొలిచే సెన్సార్ మార్చారు, 23 వేలు కట్టాను. తర్వాతి ఆదివారం అదే మలుపులో అదే లైటు. మీ అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఇంటికొచ్చి బండి కింద దూరి చూస్తే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రబ్బరు గొట్టం అడుగు వైపు ఒకచోట దుమ్ము నూనెతో తడిసి నల్లగా ముద్ద కట్టి ఉంది. తుడిచి వేలితో నొక్కితే చిటికెన వేలి గోరంత చీలిక నోరు తెరిచింది. ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో టర్బో గాలి నింపినప్పుడే తెరుచుకుంటుంది. గొట్టం 1,400. గ్యారేజీ షెడ్డులో బండి నిలబెట్టి ఎన్ని గ్రాఫులు చూసినా అది దొరకదు.

కోడ్‌ని చెరిపేసే ముందు ఫోటో తీసుకో. బ్యాటరీ తీగ పీకినా అది పోవచ్చు. డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టు, మా డిఫెక్ట్ పుస్తకం లాంటిది. మొరాయించిన రోజే కాదు, మంచిగా స్టార్టయిన రోజు కూడా రాయి. తేదీ, కిలోమీటర్లు, ట్యాంకులో డీజిల్ ఎంత, ఎన్ని గంటలు ఆగి ఉంది, ముక్కు పైకా కిందికా, పొగ ఉందా, ఎన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టావు. "బండి బాగాలేదు" అని రాస్తే నేను ఒప్పుకోను.

అమ్మేద్దాం అన్నావు. 2027లో ఆర్‌సీకి పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చేయించి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ఇంజను లోపల మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. పండక్కి నువ్వొచ్చినప్పుడు ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తిప్పి ఊరికే పైన ఆనించి చూశాను. పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్లో మూత ఎగిరెగిరి పడుతుంది, పొగ కొడుతుంది. మనది కాస్త వణికింది, అంతే. రబ్బర్లు, వాషర్లు ముసలివైపోయాయని ఇంజన్ని తూకానికి వేయడం నాకు ఇష్టం లేదు. నీకు కొత్త బండి మీద మనసుంటే అది వేరే మాట, నేరుగా చెప్పు.

ఈ ఉత్తరం అందిన రాత్రి బండిని తిప్పి ముక్కు కిందికి పెట్టి ఆపు. ట్యాంకు సగానికి పైన ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, రివర్స్ గేర్లో ఉంచి, ముందు టైర్లకి ముందు వైపు రాళ్ళు పెట్టు. పొద్దున ఎప్పుడూ వెళ్ళే టైముకే సెల్ఫ్ కొట్టు. ముందే వెళ్ళి ఇంజను వేడి చేయకు. ఒక్క దెబ్బకి లేస్తే గ్యారేజీ అతనికి పంపు వద్దని చెప్పెయ్యి, ఆదివారం నేను ఓ-రింగులు, పైపు, వాషర్లు పట్టుకుని మొదటి బస్సుకి వస్తాను. ముక్కు కిందికి పెట్టినా లేవకపోతే నాజిళ్ళ రిటర్న్ టెస్ట్ చేయించాలి, నాలుగింట్లో ఏది ఎక్కువ వదులుతోందో సీసాల్లో పట్టి చూస్తారు. దానికి బండిని ఇక్కడికి తేవాలి.

రెండు మూడు రాత్రులు ముక్కు పైకి, రెండు మూడు రాత్రులు కిందికి పెట్టి చూస్తే ఇంకా మంచిది. పుస్తకంలో రాయి. బయల్దేరే ముందు రాళ్ళు తియ్యడం మర్చిపోకు.

నాన్న