పొరుగు దేశాల వ్యాపారానికి ఒక్క ఒప్పందం చాలదా సార్?

కేంద్ర వాణిజ్య శాఖ కార్యదర్శి గారికి,

బరంపురం నుంచి రాస్తున్నాను. మా బజారులో తెలుగు, ఒడియా కలిపే బేరాలు నడుస్తాయి, దాంతో ఏ పేచీ లేదు. తలనొప్పంతా సరుకు సముద్రం దాటేటప్పుడే. 2000 నుంచి అమల్లో ఉన్న భారత్–శ్రీలంక ఒప్పందం కింద కొలంబోలో సుంకం తగ్గాలంటే సరుకు ధరలో ఇక్కడి విలువ జోడింపు (మన దేశంలో చేరిన విలువ) 35 శాతం చూపాలి, అదే సరుకును అదే కొలంబోకు 2006 నాటి సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద పంపితే 40 శాతం! ఫారం వేరు, సుంకం తగ్గింపు వర్తించని సరుకుల మినహాయింపుల జాబితా వేరు. రెండు జాబితాలూ పక్కపక్కన పరుచుకుని, సరుకును గుర్తించే ఆరంకెల కోడ్ కింద స్కేలు పెట్టి వెతుకుతాడు మా గుమాస్తా. నేపాల్ నుంచి తెప్పిస్తే అక్కడి విలువ మళ్ళీ 30 శాతం.

ఇంకో చిక్కు. బంగ్లాదేశ్ బట్టతో శ్రీలంకలో కుట్టిన చొక్కా ఉందనుకోండి, ఆ బట్ట విలువను సాఫ్టా లెక్కలోకి తీసుకుంటుంది, భారత్–శ్రీలంక ఒప్పందం తీసుకోదు.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశమే 2014 తర్వాత జరగలేదు కాబట్టి దాని కోసం కూర్చోకండి. 2004లో మూల ఒప్పందంపై సంతకాలై ఇంకా నానుతున్న, బంగాళాఖాతం ప్రాంత దేశాల కూటమి అయిన బిమ్స్‌టెక్ వాణిజ్య చర్చల్లోనే అన్నిటినీ ఒకటి చేయండి. కానీ మినహాయింపులన్నీ కలిపేసి ఇంకా పెద్ద జాబితా మాత్రం మా నెత్తిన పెట్టకండి, ఉన్నవాటిలో చిన్నదే తీసుకోండి.

ఇట్లు,
బరంపురం చిన్న వ్యాపారి